ఎర్రగుట్ట బాబా సీసా

ఓదెలు తాగడం మానేసిన తరువాతే అతని మీద అనుమానాలు ఎక్కువయ్యాయి.

తాగే రోజుల్లో ఎవరికీ ఏ అనుమానమూ ఉండేది కాదు. పొద్దు గుంకిందంటే ఓదెలు తాగి ఉంటాడని మేడిచెలకలో అందరికీ తెలుసు. అతను బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. పెళ్లి ఊరేగింపులో వాయిస్తూ వాయిస్తూ తూలినా, పాట మధ్యలో ఆపేసి ఎవరి అరుగు మీదో పడుకున్నా జనం ఆశ్చర్యపోయేవారు కాదు. మంచి ఊపిరి ఉన్న మనిషి, పాడైపోయాడు అనుకుని పక్కనుంచి వెళ్లిపోయేవారు.

ఇప్పుడలా కాదు. ఎదురుపడ్డవాళ్లు మాట్లాడే ముందు ఒకసారి గాలి పీల్చి చూస్తున్నారు. కిరాణా కొట్టు దగ్గర కాస్త నవ్వుతూ మాట్లాడితే "ఏంది, ఇయ్యాల మస్తు హుషారుగున్నవ్" అంటున్నారు. ఊరికే కూర్చుంటే "ఏమైంది, మళ్ల మొదలైందా" అంటున్నారు. ఒకరోజు తలనొప్పి వచ్చి పెందలాడే పడుకుంటే, భార్య రాజవ్వ దుప్పటి సర్దుతున్నట్టు వంగి అతని నోటి దగ్గర ఆగింది. ఆమె మెల్లగా గాలి పీల్చడం అతనికి వినిపించింది. ఓదెలు కదలలేదు. లోపల మాత్రం ఏదో కాలింది.

తాగుడు మానేయక ముందు, ఆ వేసవి పెళ్లిళ్ల చివర్లో, అతని వేళ్లు క్లారినెట్ మీటల మీద నిలవడం మానేశాయి. ఒక బారాత్‌లో పెళ్లికొడుకు గుర్రం ముందే కుప్పకూలాడు. సర్కారు దవాఖానాలో పడుకోబెట్టారు. డాక్టరు రాజవ్వను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. అదేమిటో ఆమె ఓదెలుకు ఇప్పటికీ చెప్పలేదు. దవాఖానా నుంచి ఇంటికి పోకుండా నేరుగా ఆటోలో ఎర్రగుట్టకు తీసుకుపోయింది.

ఎర్రగుట్ట ఊరి బయట ఉంది. గుట్ట మీద చిన్న దర్గా, దాని పక్కన రెండు గదుల రేకుల ఇల్లు. అందులో జలాల్ బాబా ఉండేవాడు. దర్గా ఊడ్చి, దీపం పెట్టి, సాంబ్రాణి వేసేది ఆయనే. పిల్లలకు జ్వరమొస్తే నెమలీకతో నిమిరించుకోవడానికి, ఇంట్లో గొడవలు తెగకపోతే చెప్పుకోవడానికి ఏ మతం వాళ్లయినా ఆ గుట్ట ఎక్కేవాళ్లు. బాబా ఎక్కువగా వినేవాడు. మాట్లాడడం తక్కువ.

రాజవ్వ తాయెత్తు కట్టమంది.

"తాయెత్తుకు తాగుడు ఆగదమ్మా," అన్నాడు బాబా. ఓదెలు వైపు తిరిగి, "రోజూ ఎప్పుడు తాగుతవ్?" అని అడిగాడు.

"పొద్దు గుంకేటప్పుడు."

"ఆ టైముకు ఇక్కడికి రా."

"వచ్చి ఏం చెయ్యాలె?"

"ఏదో ఒకటి చేద్దాం," అన్నాడు బాబా.

అంతే. ఒట్టు వేయించుకోలేదు, మంత్రం చెప్పలేదు. ఓదెలు రోజూ ఆ వేళకు గుట్ట ఎక్కేవాడు. బిందెలు నింపేవాడు, వాకిలి ఊడ్చేవాడు, దీపాల గ్లాసులు తుడిచేవాడు. తిరిగి దిగేసరికి గొంతులో లేచిన ఆ మంట ఎలాగో దాటిపోయి ఉండేది. కొన్నాళ్లకు అతను అందరితో "జలాల్ బాబా మా గురువు" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. బాబా మాత్రం అతన్ని శిష్యుడని ఎప్పుడూ అనలేదు.

వినాయక చవితికి ఓదెలు మేళంతో పోలేదు. గుట్ట మీదే ఉన్నాడు. కానీ దసరా వచ్చింది.

దసరా అంటే ఆ ఊళ్లో ఎలా ఉంటుందో ఓదెలుకు బాగా తెలుసు. ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే మగవాళ్లు పండుగకు కోసే యాట పోతుల్లో వాటాలు మాట్లాడుకుంటారు. కల్లు ఎవరు తెస్తారు, మందు ఎవరు తెస్తారు అని ముందే పంచుకుంటారు. పండుగ పూట తాగనివాణ్ని చుట్టాలు కూడా వింతగా చూస్తారు. మేళం వాళ్లకైతే వాయింపుకు ముందు ఒక సీసా, తరువాత ఒక సీసా రివాజు.

మేళం పెద్ద బాలనర్సు ఇంటికి వచ్చాడు. "నువ్వు లేకుండ వినాయకునికి వాయించినం. గొంతు లేని పాట లెక్క ఉండె. దసరాకు జమ్మి చెట్టు కాడికి ఊరేగింపు ఉన్నది. నువ్వు రావాలె ఓదెలు," అన్నాడు.

ఓదెలు వస్తానన్నాడు. ఎన్నో నెలలుగా మూసి ఉన్న పెట్టె తెరిచి, విడదీసి ఉన్న క్లారినెట్ ముక్కలు తుడిచి, నూనె రాసి, మధ్యాహ్నాలు కొంచెం కొంచెంగా వాయించడం మొదలుపెట్టాడు. ఊపిరి ఇంకా ఉంది. వేళ్లు కూడా మాట వింటున్నాయి. చాలా రోజుల తరువాత అతనికి తన మీద తనకు ఇష్టం కలిగింది.

ఒకరోజు కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేసరికి రాజవ్వ నేల మీద కూర్చుని ఉంది. పెట్టె ఆమె ముందు తెరిచి ఉంది. క్లారినెట్ ముక్కలు చాప మీద వరసగా పెట్టి, పెట్టెలోని మఖ్మలు గుడ్డ ఎత్తి, దాని కింద చెయ్యి పెట్టి తడుముతోంది.

"ఏం దేవులాడుతున్నవ్?" అన్నాడు ఓదెలు.

ఆమె ఉలిక్కిపడి చెయ్యి తీసింది. "ఏం లేదు. దుమ్ము తుడుస్తున్న."

"దుమ్ము తుడిచేటోళ్లు మఖ్మలు కింద చెయ్యి పెడతరా?"

రాజవ్వ ఒక్కో ముక్కా తిరిగి పెట్టెలో పెట్టింది. మూత వేసింది. అప్పుడు నెమ్మదిగా అంది, "పోయిన దసరాకు సీసా ఇందులనే దాచినవ్."

అది నిజం.  నిజం కాబట్టే కోపం ఇంకా పెరిగింది. చెప్పులేసుకుని ఇంట్లోంచి బయటపడ్డాడు. ఇంకా ఎండ ఉండగానే గుట్ట ఎక్కాడు.

బాబా నులక మంచం మీద కూర్చుని దీపం గ్లాసు తుడుస్తున్నాడు. ఓదెలు నిలబడే మొత్తం చెప్పాడు. కిరాణా కొట్టు మాటలు, దుప్పటి సర్దడం, పెట్టె, మఖ్మలు. 

"తాగినప్పుడు తాగుబోతు అన్నరు. మానేస్తే దొంగను చూసినట్టు చూస్తున్నరు. నన్ను నమ్మే మనిషే లేదు బాబా. ఇగ మానేసి ఏం ఫాయిదా?"

బాబా గ్లాసును వెలుతురుకు పట్టి చూశాడు.

"మీరొక్క మాట చెప్పుండ్రి రాజవ్వకు," అన్నాడు ఓదెలు. "మీరంటే నమ్ముతది. అనుమానించొద్దని చెప్పుండ్రి."

"చూద్దాం," అన్నాడు బాబా. "లోపలి గదిల దీపం నూనె డబ్బా ఉన్నది. తీసుకురా."

లోపలి గదిలోకి ఓదెలు ఎప్పుడూ వెళ్లలేదు. బాబా పడుకునే గది అది. లోపల చీకటిగా ఉంది. గోడ గూట్లో నూనె డబ్బా కనిపించింది. డబ్బా తీయగానే దాని వెనక, పాత పేపరులో సగం చుట్టి, ఒక బల్లపరుపు సీసా కనిపించింది.

లేబులు చింపేసి ఉంది. అయినా అతని కన్ను ఆ ఆకారాన్ని వెంటనే పోల్చుకుంది. ఆ భుజాలు, ఆ పొట్టి మెడ, ఆ మూత. లోపల సగానికి తక్కువగా, తేనె రంగులో ఏదో ఉంది.

 ఓదెలు డబ్బా పట్టుకుని బయటికి వచ్చి దీపాల్లో నూనె పోశాడు.

"నూనె కింద పోతుంది," అన్నాడు బాబా.

"ఏం లేదు బాబా," అన్నాడు ఓదెలు.

ఆ రోజు నుంచి అతను బాబాను కనిపెట్టి చూడడం మొదలుపెట్టాడు.

మరునాడు ముందే వచ్చాడు. ఎండ పూట బాబా గది తలుపు వేసి ఉంది. చాలాసేపటికి తెరుచుకుంది. బాబా గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ తడుముతున్నట్టు వేస్తూ బయటికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒంటి నుంచి అత్తరు వాసన ఘాటుగా వచ్చింది. ఓదెలు చూపు తిప్పుకున్నాడు. ఆ నడక అతనికి కొత్త కాదు. ఆ కళ్లూ కొత్త కాదు. తాగిన రోజుల్లో తను కూడా పాన్ నమిలి, మెడకు పౌడరు రాసుకుని ఇంట్లో అడుగు పెట్టేవాడు.

ఇంకో రోజు మార్కెట్ వైపు నుంచి ఒక మనిషి సైకిల్ మీద వచ్చాడు. సంచిలోంచి పేపరులో చుట్టిందేదో తీసి బాబా చేతిలో పెట్టాడు. బాబా అటూ ఇటూ చూసి దాన్ని శాలువా కిందికి తోశాడు. అది చూసి ఓదెలు చీపురు పట్టుకున్న చోటే ఆగిపోయాడు.

"బాబా, మీరు ఎన్నడన్నా తాగిండ్రా?" అని ఆ సాయంత్రం ఉండబట్టలేక అడిగాడు.

"మస్తు నీళ్లు తాగిన," అని బాబా నవ్వాడు.

నవ్వి తప్పించుకున్నాడు అనుకున్నాడు ఓదెలు.

ఆ తరువాత ఒక సాయంత్రం బాబా కూర్చున్న చోటే కునుకు తీస్తుంటే, జారిన శాలువా సర్దుతున్నట్టు వంగి, మెల్లగా గాలి పీల్చాడు. అత్తరు తప్ప ఇంకేమీ తెలియలేదు. అంత అత్తరు ఎందుకు పూసుకున్నాడు అని ఇంకో అనుమానం దాని మీద వచ్చి కూర్చుంది.

విచిత్రం ఏమిటంటే, ఆ రోజుల్లో ఓదెలు మనసు తేలికగా ఉండేది. గుట్ట ఎక్కేటప్పుడు కాళ్లు వాటంతట అవే పరుగెత్తేవి. రాజవ్వ మీద కోపం తగ్గింది. ఆమె అతని జేబులు చూసినా పట్టించుకోలేదు. ఎవరో రేపు పంచాయితీలో అడుగుతారన్నట్టు, చూసినవన్నీ ఒకదాని పక్కన ఒకటి మనసులో పేర్చుకునేవాడు. సీసా, నడక, కళ్లు, సైకిల్ మనిషి, అత్తరు.

"పెద్దమనుషులనుకునేటోళ్ల సంగతి కూడా ఓ రోజు బయటపడ్తది," అన్నాడు ఇంట్లో అన్నం తింటూ.

"ఎవరి సంగతి?" అంది రాజవ్వ.

"చూస్తవ్ గదా."

రాజవ్వ గరిటె పట్టుకుని అతని ముఖంలోకి చూసింది. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. కూర వడ్డించింది కానీ తాను తినలేదు.

పండుగ దగ్గర పడ్డాక బాలనర్సు మళ్లీ కలిశాడు. కొంచెం మొహమాటపడుతూ, "మనోళ్లు పండుగ పూట ఊకోరు ఓదెలు. నీ ముంగట సీసాలు తియ్యొద్దని చెప్పనా?" అని అడిగాడు.

"ఎందుకు? తియ్యనియ్యి," అన్నాడు ఓదెలు. "అప్పటి మాట అప్పుడు చూద్దాం."

ఆ మాట అన్నాక లోపలెక్కడో చల్లగా అనిపించింది. ఎన్నాళ్లుగానో బిగించి పట్టుకున్న దేన్నో కాస్త వదులు చేసినట్టు అనిపించింది. పిల్లల నుదుట చెయ్యి పెట్టే మనిషే, దర్గాలో దీపం పెట్టే మనిషే తలుపు వేసుకుని తాగుతుంటే, పండుగ పూట ఒక మేళగాడు ఒక గుక్క... ఆ ఆలోచనను అతను పూర్తి చేయలేదు. పూర్తి చేయకుండానే దానికి సరేనన్నాడు.

పండుగకు ముందు రోజు ఇంట్లో ఆయుధపూజ చేశారు. క్లారినెట్‌కు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాడు. మధ్యాహ్నం తన వేళ కాని వేళలో గుట్ట ఎక్కాడు. ఇవాళ తేల్చుకోవాలి అనుకున్నాడు. అడిగేయాలి. ఏమని అడగాలో కూడా దారంతా అనుకుంటూ వచ్చాడు.

గది తలుపు వేసి ఉంది. తలుపు చెక్కల మధ్య సందు ఉంది. ఓదెలు వంగి కన్ను ఆనించాడు. లోపల అగరువత్తి పొగ. బాబా ఇటు వీపు పెట్టి చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చేతిలో సీసా వంగడం కనిపించింది. తరువాత ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు, గొంతు దిగిన మంటకు వదిలినట్టు.

ఓదెలు తలుపుకు ఇంకా దగ్గరగా జరిగాడు.

"తలుపు తోసుకుని రా ఓదెలు," అన్నాడు బాబా వెనక్కి తిరగకుండా. "సందులకెల్లి చూస్తే మెడ పట్టేస్తది."

ఓదెలు సిగ్గుపడ్డాడు. అయినా లోపలికి వచ్చాడు. "నేనని మీకెట్ల తెలిసింది?"

"గుట్ట ఎక్కితే నీకు ఆయాసం. వాయించేటోని ఆయాసం వేరే ఉంటది."

బాబా కాళ్ల మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. సీసా మూత బిగించి పక్కన పెట్టాడు. దాన్ని దాచే ప్రయత్నం ఏమీ చేయలేదు. అది చూసి ఓదెలుకు ధైర్యం వచ్చింది.

"నేను అన్నీ చూసిన బాబా," అన్నాడు.

"ఏం చూసినవ్?"

"సీసా చూసిన. సైకిల్ మీద తెచ్చిచ్చిన మనిషిని చూసిన. మీరు గోడ పట్టుకుని నడుసుడు చూసిన. మీ కండ్లు చూసిన. ఎవరికీ చెప్పలే. మిమ్మల్నే అడుగుదామని వచ్చిన."

"మంచిగనే చూసినవ్," అన్నాడు బాబా. సీసా తీసి అతని ముందుకు చాపాడు. "లోపల ఏమున్నదో చూడలే. అదొక్కటి మిగిలింది. తియ్యి."

ఓదెలు సీసా అందుకున్నాడు. చేతికి ఆ బరువు తెలిసింది. బొటనవేలు తనంతట తానే మూత మీదికి పోయింది. నోట్లో నీరు ఊరింది. మూత తిప్పి, సీసాను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, గట్టిగా గాలి పీల్చాడు.

కర్పూరం. వావిలాకు. నువ్వుల నూనె. ఆ ఘాటుకు కళ్లలోంచి నీళ్లు కారాయి.

బాబా దుప్పటి తీశాడు. రెండు మోకాళ్లూ వాచి, చర్మం బిగిసి, నూనెతో మెరుస్తున్నాయి.

"మార్కెట్ల మూలికలమ్మే మనిషి కాచి ఇస్తడు," అన్నాడు బాబా. "ఏ సీసా దొరికితే ఆ సీసల పోస్తడు. రాసుకున్న చేత్తోటి కండ్లు నలుపుకుంట. కర్పూరం మండుతది. దీని వాసనకు ఇక్కడికి వచ్చినోళ్లు తుమ్ముతరని అత్తరు పూసుకుంట."

"మరి దాచుడు ఎందుకు?"

"చెప్తే రోజూ నలుగురు వచ్చి కాళ్లు పిసుకుతమంటరు. నాకు సిగ్గు."

ఓదెలు సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బాబా అతన్ని చూస్తున్నాడు. 

"ఓదెలు," అన్నాడు. "నేను తాగుబోతును కానని తెలిసింది. సంతోషపడాలె గదా. నీ మొహం ఎందుకు వాడిపోయింది?"

ఓదెలు చేత్తో మొహం తడుముకున్నాడు. 

నిజంగానే వాడిపోయింది. కర్పూరం వాసన తగిలిన మొదటి క్షణంలో అతనికి కలిగింది సిగ్గు కాదు, ఊరట కాదు. చేతికి అందబోయింది జారిపోయినట్టు అనిపించింది. ఇన్నాళ్లూ తను బాబాను ఎందుకు కనిపెట్టాడో, గుట్ట ఎక్కుతుంటే కాళ్లు ఎందుకు తేలికయ్యాయో, బాలనర్సుతో ఆ మాట ఎందుకు అన్నాడో అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకు వచ్చాయి. చాప మీద కూర్చున్నాడు.

బాబా కాలు ముందుకు చాపాడు. "ఎట్లాగూ వచ్చినవ్," అన్నాడు. "మోకాలు వెనక చెయ్యి అందుతలేదు. కొంచెం రాయి."

ఓదెలు అరచేతిలో నూనె పోసుకున్నాడు. బాబా మోకాలి వెనక మెల్లగా రుద్దాడు. వాపు కింద ఎముక తగిలింది. బాబా పళ్లు బిగించాడు కానీ చప్పుడు చేయలేదు. ఒక కాలు అయ్యాక రెండో కాలు పట్టాడు. బయట ఎవరో భక్తులు వచ్చి గంటసేపైనా కూర్చునేలా వాకిట్లో చతికిలబడ్డారు. 

చివరికి ఓదెలే అన్నాడు. "రాజవ్వ కూడా ఇట్లనే కనిపెడతది బాబా నన్ను."

"ఇట్లనేనా?"

ఓదెలు చెయ్యి ఆగింది.

"ఆ రోజు పెట్టెల చెయ్యి పెట్టింది అన్నవ్," అన్నాడు బాబా. "ఏమన్న దొరికిందా?"

"లేదు. ఏమున్నది దొరకనీకి?"

"ఏమీ లేదని తెలిసినప్పుడు ఆమె మొహం చూసినవా?"

ఓదెలు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. మఖ్మలు గుడ్డ గుర్తుంది. దాని కింద తడుముతున్న చెయ్యి గుర్తుంది. గాజులు గుర్తున్నాయి. తను అన్న మాట గుర్తుంది. ముఖం గుర్తు రాలేదు.

"చూడలే," అన్నాడు.

"ఈసారి చూడు," అన్నాడు బాబా. దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కున్నాడు.

దసరా రోజు ఎండ చల్లబడ్డాక ఊరేగింపు కదిలింది. ఓదెలు మేళం ముందు నడిచాడు. క్లారినెట్ పైకెత్తి మొదటి స్వరం పట్టగానే ముందున్న పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. ఊరి వీధుల గుండా, చేల గట్ల వెంట జమ్మి చెట్టు దాకా వాయించాడు. దారిలో ఒక్కసారి కూడా ఊపిరి తప్పలేదు. గేట్ల దగ్గర నిలబడ్డ జనం అతన్ని చూసి ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. తాగిండా, తాగలేదా అనే అయి ఉంటుంది. అనుకోనీ అనుకున్నాడు.

పూజ అయ్యాక అందరూ జమ్మి ఆకు తెంపుకున్నారు. బంగారం అని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని అలయ్ బలయ్ తీసుకున్నారు. ఎప్పటెప్పటి స్నేహితులో వచ్చి ఓదెలును గట్టిగా కౌగిలించుకున్నారు. ఒక్కొక్కరి నోటి నుంచి, మెడ నుంచి, తడిసిన అంగీల నుంచి ఆ వాసన వచ్చింది. ఒకడి చేతిలో గ్లాసు తొణికి ఓదెలు భుజం మీద పడింది. తడి గుడ్డ ఒంటికి అంటుకుంది. ఓదెలు కళ్లు మూసుకుని తెరిచాడు.

చెట్టు వెనక మేళం వాళ్లు కూర్చున్నారు. డప్పు వాయించే ఎల్లమంద ఒక గ్లాసు నింపి ఓదెలు చేతిలో పెట్టాడు. "ఇయ్యాల వాయించినవ్ చూడు, దానికి. ఒక్కటే," అన్నాడు.

బాలనర్సు చూశాడు కానీ ఆపలేదు. అప్పటి మాట అప్పుడు అని ఓదెలే చెప్పాడు కదా.

ఓదెలు గ్లాసు పట్టుకున్నాడు. లోపల ఒక గొంతు మెల్లగా అంటోంది. అంగీ ఎట్లాగూ వాసన కొడుతుంది. తాగలేదంటే రాజవ్వ ఎట్లాగూ నమ్మదు. నమ్మనప్పుడు తాగకపోవడం దేనికి? ఆ గొంతు ఎంత తేలికగా, ఎంత సంతోషంగా ఉందో విని ఓదెలు ఉలిక్కిపడ్డాడు. గుట్ట ఎక్కేటప్పుడు రోజూ విన్న గొంతే అది. తప్పు ఎవరిదో ఒకరిది దొరికితే చాలు దానికి.

గ్లాసు ఎల్లమంద చేతికి తిరిగి ఇచ్చాడు.

"ఏంది, ఇష్టం లేదా?" అన్నాడు ఎల్లమంద.

"మస్తు ఇష్టమున్నది," అన్నాడు ఓదెలు. "అందుకే వద్దు. నేను ఇంటికి పోత."

క్లారినెట్ విప్పి పెట్టెలో సర్దుకున్నాడు. బాలనర్సు లేచి కొంచెం దూరం అతనితో నడిచాడు.  రోడ్డు దాకా వచ్చి ఆగి, అతని చేతిలో జమ్మి ఆకులు పెట్టి వెనక్కి పోయాడు.

ఓదెలు ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. రాజవ్వ గడపలోనే ఉంది. ఎప్పటి నుంచి నిలబడి ఉందో తెలియదు. అతను దగ్గరికి రాగానే అంగీ వాసన ఆమెకు తగిలింది. ఓదెలు ఆమె ముఖం చూశాడు.

ఆమె అరవలేదు. ముఖం పాలిపోయింది, అంతే. తలుపు చెక్కను పట్టుకుంది. దవాఖానాలో మంచం పక్కన నిలబడ్డప్పుడు ఇలాగే ఏదో ఒకటి పట్టుకుని నిలబడి ఉంటుంది అని అతనికి తోచింది.

"అది అంగీ వాసన," అన్నాడు ఓదెలు. "అలయ్ బలయ్‌ల ఎవడో ఒంపిండు. నోరు చూడు."

ఆమె కదలలేదు. సిగ్గుపడింది.

"చూడు. నేనేం అనుకోను."

రాజవ్వ ముందుకు వంగింది. గాలి పీల్చింది. మళ్లీ ఒకసారి పీల్చింది. ఓదెలు ఆమె ముఖం మీద నుంచి చూపు తీయలేదు.

మొదట కనుబొమల మధ్య ముడి విడింది. తరువాత పెదవి వణికింది. ఆమె కళ్లు ఒక్కసారి గట్టిగా మూసుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది, అతనికి కనపడకుండా.

ఇన్నిసార్లు ఆమె వెతికింది. ఇన్నిసార్లూ ఇదే జరిగి ఉంటుంది. తను ఒక్కసారైనా చూడలేదు.

ఓదెలు పెట్టె కింద పెట్టి గడప మీద కూర్చున్నాడు.

"ఇయ్యాల తాగాలనిపించింది," అన్నాడు.

రాజవ్వ ఇటు తిరిగింది.

"గ్లాసు చేతిలకు కూడా వచ్చింది. కొంచెంసేపు పట్టుకున్న. తాగలే."

తాగాలనిపించిందని అతను ఆమెకు చెప్పడం అదే మొదటిసారి. ఆమె అతని పక్కన కూర్చుంది. బయట వీధిలో ఎవరో నవ్వుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ పోతున్నారు. వాళ్లు మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూశారు.

"మళ్ల అనిపిస్తే?" అంది రాజవ్వ.

"అనిపిస్తది," అన్నాడు ఓదెలు. "నీకు చెప్త."

 ఆమె అతని భుజం మీది తడిని వేళ్లతో తాకి చూసింది.

"అంగీ విప్పు," అంది. "నానబెడత."